ఫోన్ నంబరు ఇచ్చే ముందు ఆగండి

ఇంటర్ ఫలితాలు వచ్చి, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు చేతికందిన ఇళ్లన్నింటిలో ఈ వారాల్లో ఒకటే పని. పిల్లలు సెల్‌ఫోన్ పట్టుకుని 'ఈ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది' అని వెతుకుతున్నారు. వెతకగానే నాలుగైదు వెబ్‌సైట్లు ఎదురొస్తున్నాయి. మీకు సరిపోయే కాలేజీ మేమే చూపిస్తాం, పైసా ఖర్చు లేదు, స్కాలర్‌షిప్ కూడా ఇప్పిస్తాం అంటున్నాయి. పేరు, ఊరు, ర్యాంకు, కేటగిరీ, తండ్రి ఆదాయం వరుసగా అడిగి, చివరికి ఫోన్ నంబరు అడుగుతున్నాయి. ఆ ఆఖరి గడి నింపకముందే ఈ మాట మీ చెవిన పడాలని రాస్తున్నాం.

ఇలాంటి సైట్లన్నీ మోసమని మేము అనడం లేదు. కాలేజీల చిరునామాలు, కోర్సులు, పాత కటాఫ్‌లు ఒక్కచోట పోగేసి చూపించడం పనికొచ్చే పనే. చిక్కంతా సమాచారం అయిపోయి సిఫారసు మొదలైన చోట ఉంది. సిఫారసు చేసేవాడికి డబ్బు ఎవరిస్తున్నారో తెలియకుండా ఆ సిఫారసును ఇంట్లోకి రానివ్వకూడదు. విద్యార్థి దగ్గర ఆ సైటు పైసా తీసుకోదన్నది నిజమే. తీసుకునేది కాలేజీ దగ్గర. నంబరు చేరవేసినందుకు ఇంత, ఆ పిల్లవాడు చేరితే ఇంత అని లెక్క ఉంటుంది. ఆ వ్యాపారంలో మీ అబ్బాయి పేరు 'లీడ్'. ఒకే లీడ్‌ను నలుగురికి అమ్ముకోవడమూ ఉంది. అందుకే ఒక్క చోట నంబరు ఇస్తే సాయంత్రానికల్లా ఎక్కడెక్కడి నుంచో, ఎన్నడూ పేరు వినని విశ్వవిద్యాలయాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. మగపెళ్లివారి దగ్గర సొమ్ము పుచ్చుకున్న పెళ్లిళ్ల పేరయ్య మాటను మన పెద్దలు ఎంతవరకు నమ్మేవారో, ఈ 'మ్యాచ్'ను కూడా అంతవరకే నమ్మాలి.

ఆ జాబితాలో ఎవరున్నారన్నది కాదు, ఎవరు లేరన్నది చూడండి. కూకట్‌పల్లి, జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్‌లలో జేఎన్‌టీయూ హైదరాబాద్ సొంత కాలేజీలు ఉన్నాయి. కాకినాడ, అనంతపురం, పులివెందుల, కలికిరి, విజయనగరం, నరసరావుపేటల్లో సర్కారు ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల కాలేజీలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ పిల్లల నంబర్లు కొనుక్కోదు, ఏజెంటుకు కమిషన్ ఇవ్వదు. కమిషన్ ఇవ్వని కాలేజీని పైన పెట్టి చూపించాల్సిన అవసరం సైటుకు ఏముంది? చాలాసార్లు ఇవి ఎక్కడో అడుగున ఉంటాయి, పక్కన 'ఇప్పుడే అప్లై చేయండి' అనే మీట కూడా ఉండదు. మీ ర్యాంకుకు అందే సర్కారు కాలేజీ ఆ సైటు ఇచ్చిన మొదటి పది పేర్లలో కనిపించకపోతే, ఆ పది పేర్లు మీ కోసం తయారు చేసినవి కావని అర్థం.

దీనివల్ల నష్టం ఎంతో లెక్కవేసి చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, స్పాట్ అడ్మిషన్‌లో చేరినా వర్తించదు. వెబ్‌సైటు వాళ్లు 'సీటు కన్ఫర్మ్ చేస్తాం' అన్నారంటే అది ఏ సీటో ఆలోచించండి. కన్వీనర్ సీటును కన్ఫర్మ్ చేసే అధికారం కౌన్సెలింగ్‌కు తప్ప భూమ్మీద ఎవరికీ లేదు. వాళ్లు ఇప్పిస్తామనేది మేనేజ్‌మెంట్ సీటు, కాకపోతే వేరే రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన ఏడాదికి 35,000 రూపాయల దాకా వస్తుంది. ఆదాయ పరిమితి లోపు ఉన్న ఒక ఎస్సీ కుటుంబంలోని అమ్మాయి ఏడాదికి లక్ష రూపాయల ఫీజు ఉన్న కాలేజీలో చేరిందనుకుందాం. కన్వీనర్ సీటైతే ఆ కుటుంబం మీద ట్యూషన్ ఫీజు భారం ఉండదు. అదే అమ్మాయిని ఒక సైటు 'మీ మార్కులకు 25 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది' అని మురిపించి మేనేజ్‌మెంట్ సీటులో చేర్పిస్తే, ఏడాదికి 75,000 చొప్పున నాలుగేళ్లకు మూడు లక్షలు కట్టాలి. స్కాలర్‌షిప్ అన్న మాటే ఆ ఇంటికి మూడు లక్షల అప్పు తెచ్చిపెడుతుంది. ఈ లెక్క ఏ సైటూ చెప్పదు, ఫోన్‌లో మాట్లాడే 'కౌన్సెలర్' అసలే చెప్పరు. పొలం అమ్మో, బంగారం తాకట్టు పెట్టో ఫీజు కట్టాక పక్కింటివాళ్లు చెబితే తెలుస్తుంది. ఈ హెచ్చరిక రాయడానికి మమ్మల్ని కూర్చోబెట్టింది ఇదే.

ఆంధ్రప్రదేశ్ తల్లిదండ్రులకు మరో సంగతి. రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ 35 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద భర్తీ అవుతున్నాయి. అంటే ఒక సైటు మీకు పూర్తి ఫీజుకు చూపిస్తున్న క్యాంపస్‌లోనే, అదే కోర్సులో, కౌన్సెలింగ్ ద్వారా సీటు దొరికే అవకాశం ఉండవచ్చు. ఆప్షన్ల జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకోకుండా ఎవరికీ డబ్బు కట్టవద్దు. డీమ్డ్ విశ్వవిద్యాలయాల సంగతి వేరు, వాటి ప్రవేశాలు వాటివే. ఈ రెండింటినీ కలిపి ఒకే వరుసలో 'టాప్ యూనివర్సిటీలు' అని చూపించడంతో చాలామంది పొరబడుతున్నారు.

ఫోన్లు ఎలా వస్తాయో తెలిసిందే. 'సార్, మీ పాప ప్రొఫైల్ చూశాం, సీఎస్‌ఈలో రెండే సీట్లు మిగిలాయి, ఈ రోజు రాత్రిలోపు 25,000 కట్టి బ్లాక్ చేసుకోండి, రేపటికి ఫీజు పెరుగుతుంది.' ఇంట్లో ఇంజనీరింగ్ గడప తొక్కే మొదటి పిల్ల ఉన్నచోట ఈ మాట గుండెల్లో దడ పుట్టిస్తుంది. కౌన్సెలింగ్‌లో సీటు వస్తుందో రాదోనన్న భయంతో తండ్రి ఫోన్‌పే తెరుస్తాడు. తరువాత కన్వీనర్ సీటు వచ్చాక వెనక్కి అడిగితే 'అది నాన్ రిఫండబుల్' అంటారు. ఉన్నత విద్యాసంస్థలు గడువులోపు ప్రవేశం రద్దు చేసుకున్నవారి ఫీజు తిరిగి ఇవ్వాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆ తర్వాత ఏటా గడువు తేదీలు ప్రకటిస్తూ వస్తోంది. కానీ మీరు డబ్బు పంపింది కాలేజీ ఖాతాకు కాక మధ్యవర్తి ఖాతాకైతే ఆ ఆదేశం పట్టుకుని ఎవరిని అడుగుతారు? కాలేజీ పేరు మీద, కాలేజీ ఖాతాకు, రసీదుతో తప్ప రూపాయి కదలకూడదు. ఒరిజినల్ మెమోలు, టీసీ ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. దాని గురించి ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. వెబ్ ఆప్షన్లు మేమే పెట్టిపెడతాం, లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ చెప్పండి అని అడిగేవాళ్లు ఉన్నారు. కొందరు సైటు మనుషులుగా, కొందరు కాలేజీ పీఆర్వోలుగా, కొందరు నెట్ సెంటర్‌లో సాయం చేసే అన్నలుగా వస్తారు. కౌన్సెలింగ్ అధికారులు పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని విద్యార్థులకు చెబుతూనే ఉన్నారు. కంప్యూటర్ సీట్లు కేటాయించేది మీరు పెట్టిన వరుసను బట్టే. మొదటి ఆప్షన్ స్థానంలో తమ కాలేజీ పెట్టి ఫ్రీజ్ చేసేస్తే, మీ ర్యాంకుకు అంతకన్నా మంచి కాలేజీ వచ్చే వీలున్నా మీకు పడేది అదే. తరువాతి విడతలో మార్చుకోవచ్చులే అనుకుంటే, అప్పటికి ఆ మంచి సీటు ఇంకొకరిది అయిపోతుంది. పన్నెండేళ్లు చదివి తెచ్చుకున్న ర్యాంకును ఆరు అంకెల ఓటీపీతో పరాయివాడి చేతిలో పెట్టడం ఎంత అన్యాయమో పిల్లలకు ఈ రోజే కూర్చోబెట్టి చెప్పండి. ఆప్షన్లు పిల్లలే పెట్టాలి, పక్కన అమ్మో నాన్నో కూర్చోవాలి, ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసి దాచుకోవాలి.

ఇక స్కాలర్‌షిప్‌లు. ఈ మాటను ఇప్పుడు రెండు రకాల సరుకుకు వాడుతున్నారు. ప్రభుత్వమో, ట్రస్టో అర్హత చూసి మీ చేతికిచ్చే డబ్బు ఒకటి. కాలేజీ తానే పెంచి పెట్టిన ఫీజులో తానే తగ్గించే రాయితీ రెండోది. సైట్లలో కనిపించేది ఎక్కువగా రెండోదే. అది మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకా? ఒక సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే పోతుందా? హాస్టల్, బస్సు, 'స్కిల్ ట్రైనింగ్' పేర్లతో ఆ తగ్గించినదంతా వెనక్కి లాగేస్తారా? ఇవి లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాటగా చెప్పిన రాయితీకి రెండో ఏడాది సాక్షి ఉండడు.

అసలైన స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు రుసుము ఉండదు. కేంద్రం నడిపే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీ స్థాయిలో 20,000 వస్తుంది. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక కోర్సులో చేరిన అమ్మాయిలకు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే, ప్రగతి పథకం కింద ఏడాదికి 50,000 ఇస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు కూడా వస్తుంది. దివ్యాంగులకు ఇలాంటిదే సక్షమ్ పథకం ఉంది. విదేశాల్లో చదవాలనుకునేవారికి తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు వేర్వేరుగా ఓవర్సీస్ పథకాలు ఉన్నాయి, ఎంపికైనవారికి 20 లక్షల దాకా అందుతుంది. కేంద్రంలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఏటా 125 మందికి అవకాశం. దానికి ఎస్సీలతో పాటు సంచార, విముక్త జాతులవారు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలు అర్హులు. వీటిలో దేనికైనా దారి చూపించినందుకు ఎవరికైనా కమిషన్ వస్తుందా? రాదు. అందుకే వీటి గురించి మీకు ఫోన్ చేసి చెప్పేవారు ఉండరు.

'స్కాలర్‌షిప్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు 1,999 కట్టండి' అనేది దొంగతనం, దానికి ఇంకో పేరు లేదు. ఏఐసీటీఈ పేరుతో ఉచిత ల్యాప్‌టాప్ ఇస్తున్నారంటూ వాట్సాప్‌లో తిరిగిన సందేశం అబద్ధమని ప్రభుత్వ సమాచార విభాగమే ప్రకటించింది. అయినా అలాంటివి ప్రతి ప్రవేశాల కాలంలో కొత్త పేర్లతో తిరుగుతూనే ఉన్నాయి. డబ్బు పోయిందని తెలిసిన మొదటి గంటలోనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఇంట్లో దాచిపెడితే, ఆ డబ్బు చేతులు మారి బ్యాంకు కూడా ఆపలేని చోటికి పోతుంది.

ఈ రోగం మన దగ్గర పుట్టింది కాదు. కాలేజీలను జోడించే వ్యాపారం బాగా పెరిగిన అమెరికాలో అక్కడి ప్రభుత్వాలే దాన్ని కోర్టుదాకా లాగాయి. మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము కోసం 'జీఐబిల్ డాట్ కామ్' అనే పేరుతో, చూస్తే ప్రభుత్వ సైటే అనిపించేలా ఒక కంపెనీ సైటు నడిపింది. అందులో చూపించిన కాలేజీలు ఆ కంపెనీకి డబ్బిచ్చినవే. 2012లో 20 రాష్ట్రాలు కలిసి ఆ కంపెనీ చేత 25 లక్షల డాలర్లు కట్టించి, ఆ సైటు పేరును కూడా లాక్కుని మాజీ సైనికుల శాఖకు అప్పగించాయి. 2017లో మరో కంపెనీ వంతు వచ్చింది. సైనికులకు అనువైన కాలేజీలను వెతికిపెడతామని చెప్పిన దాని 'స్కూల్ మ్యాచ్‌మేకర్' డబ్బు కట్టిన సంస్థలనే చూపిస్తోందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 ఫిబ్రవరిలో శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు, విద్యార్థుల వివరాలను చట్టవిరుద్ధంగా పంచుకుందన్న కేసులో న్యూయార్క్ రాష్ట్రానికి ఏడున్నర లక్షల డాలర్లు కట్టింది. అంత పేరున్న సంస్థే పిల్లల వివరాల దగ్గర అలా చేసిందంటే, నిన్నమొన్న పుట్టిన యాప్ గురించి చెప్పేదేముంది?

అమెరికా చట్టంలో మరో సంగతి ఉంది. ఎమ్మెస్‌కు వెళ్లాలనుకునే ప్రతి తెలుగు విద్యార్థీ దాన్ని తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే కాలేజీలు విద్యార్థులను చేర్పించినందుకు తలకింత అని కమిషన్ ఇవ్వకూడదని ఆ దేశం 1992లోనే నిషేధించింది. అయితే ఆ నిషేధం నుంచి విదేశాల్లో ఉన్న విదేశీ విద్యార్థుల చేరికను మినహాయించింది. తమ పిల్లల విషయంలో తప్పనుకున్నది మన పిల్లల విషయంలో చట్టబద్ధం. అందుకే అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి విశాఖ ద్వారకానగర్ దాకా బోర్డులు పెట్టిన కన్సల్టెన్సీలు 'మా సర్వీసు ఫ్రీ' అనగలుగుతున్నాయి. మీరు కట్టే మొదటి ఏడాది ఫీజులో వాళ్ల వాటా ఉంటుంది. అందులో నేరం లేదు. కానీ ఏ విశ్వవిద్యాలయం దగ్గర వాటా ఉందో చెప్పకుండా 'మీ ప్రొఫైల్‌కు ఇదే బెస్ట్' అనడం మాత్రం అన్యాయం.

మ్యాచ్ తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. 2011 జనవరిలో అమెరికా అధికారులు దాన్ని మూయించారు. చేరిన పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు ఇక్కడి పేపర్లలో చూసి తల్లులు గుండెలు బాదుకున్నారు. కొత్తవారిని చేర్పించిన పాత విద్యార్థికి ఫీజులో వాటా ఇవ్వడం అక్కడి పద్ధతి. నడిపినావిడకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. చేరిన పిల్లల్లో చాలామంది చదువు, వీసా, కట్టిన ఫీజు అన్నీ పోగొట్టుకున్నారు.

ట్రై వ్యాలీ మూతపడిన ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. దానికి వెబ్‌సైటు ఉంది, లాటిన్ నినాదం ఉంది, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ గుర్తింపు జాబితాలో పేరు ఉంది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే, వల పన్నడానికి. సుమారు 600 మంది అందులో పడ్డారు. పిల్లలను చేర్పించి డబ్బు తీసుకున్న ఎనిమిది మంది మధ్యవర్తులపై కేసులు పెట్టారు. విద్యార్థుల్లో చాలామంది తెలుగువాళ్లే. చదువులో చేరిన మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకునే అనుమతి, అంటే 'డే వన్ సీపీటీ' ఉంది, క్లాసులకు రానక్కర్లేదు అన్న మాటే ఆ ఎర. మధ్యవర్తి చెప్పింది నమ్మామన్న మాట అధికారుల ముందు పనికిరాలేదు. ఇప్పటికీ అదే ఎర వాట్సాప్ గ్రూపుల్లో వేలాడుతోంది. అధికారిక జాబితాలో పేరుందన్న ఒక్క ఆధారమే చాలదని ఫార్మింగ్టన్ నేర్పింది. పాఠాలు ఎక్కడ జరుగుతాయి, ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని గంటలు, ప్రస్తుతం చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మీరు స్వయంగా మాట్లాడగలరా అని చూడాలి. వాళ్ల నంబర్లు కన్సల్టెన్సీ ఇచ్చినవి కాకూడదు.

కెనడా వ్యవహారం 2023లో వచ్చింది. జలంధర్‌లోని ఒక ఏజెంటు ఇచ్చిన ప్రవేశపత్రాలు దొంగవని, పంజాబ్ విద్యార్థులు అక్కడ చదువు పూర్తిచేసి శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వేళకు తేలింది. ఆ తర్వాతే, 2023 డిసెంబరు నుంచి, ప్రతి ప్రవేశపత్రాన్ని నేరుగా కాలేజీతో సరిచూసే పద్ధతిని కెనడా పెట్టింది. అది పెట్టకముందు నష్టపోయినవాళ్ల గతి తలచుకోండి.

ఇంటి దగ్గరి దొంగ పేర్లు తక్కువా? గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో 'డీమ్డ్', 'ఓపెన్' అని పేరు తగిలించుకున్న రెండు సంస్థలు యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఏళ్ల తరబడి ఉన్నాయి. 2022-23లో హైదరాబాద్ శివార్లలో రెండు విద్యాసంస్థలు, తమ విశ్వవిద్యాలయ హోదా బిల్లుకు గవర్నరు ఆమోదం రాకముందే ఆ పేరుతో విద్యార్థులను చేర్చుకున్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ప్రకటనల్లో, సైట్లలో ఆ పేర్లు మిగతా విశ్వవిద్యాలయాల పక్కనే మెరిశాయి. కాలేజీల నాణ్యతను బేరీజు వేసే నాక్ ఇచ్చే గ్రేడు చూసి ధైర్యపడదామంటే, అనుకూల గ్రేడు కోసం లంచాలు ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ 2025 ఫిబ్రవరిలో తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది. గ్రేడ్లు వద్దని కాదు మేము చెప్పేది. ఒక్క ముద్ర చూసి, దాన్ని ఇంకొకడు తన సైటులో నక్షత్రాలుగా మార్చి చూపిస్తే, ఆ నక్షత్రాలను చూసి డబ్బు కట్టవద్దంటున్నాం.

మీ పిల్లల వివరాల మీద కూడా మీకు హక్కుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది. ఇంటర్ పూర్తిచేసినవారిలో చాలామంది ఇంకా ఆ వయసు దాటనివారే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, వాళ్లను వెంబడించి ప్రకటనలు గుప్పించకూడదు. మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే నిబంధనలు 2025 నవంబరులో గానీ రాలేదు, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. ఈ మధ్యకాలంలో మీ అమ్మాయి నంబరుకు కాపలా మీరే. 'నిబంధనలు అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్ పెట్టడమంటే, మా భాగస్వామ్య సంస్థలన్నీ మీకు ఫోన్ చేయవచ్చునని మీరు రాసిచ్చినట్టే. చూసి తీరాలనుకుంటే నంబరు అడగని పేజీల వరకే చూడండి. ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం, మార్కుల మెమో ఫొటోలు ఏ ప్రైవేటు సైటుకూ ఎక్కించవద్దు.

పిల్లలు అటు పోవడానికి ప్రభుత్వాల బాధ్యత కూడా ఉంది, ఆ మాట దాచి ఈ హెచ్చరిక రాయలేం. ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ కేటగిరీలో గత ఏడాది చివరి ర్యాంకు ఎంతో కౌన్సెలింగ్ సైట్లలోనే పెడుతున్నారు. కానీ అది వందల వరుసల ఇంగ్లిష్ పట్టిక. సెల్‌ఫోన్‌లో దాన్ని చదవడం కళ్లకు శిక్ష. ఆ పట్టికనే తీసుకుని, ర్యాంకు కొడితే జవాబు వచ్చేలా అమర్చి, పిల్లల నంబర్లు పోగేసుకుంటున్నారు ప్రైవేటువాళ్లు. ఆ చిన్న పని ఉన్నత విద్యామండళ్లు తెలుగులో, ఉచితంగా, ఫోన్ నంబరు అడగకుండా ఎందుకు చేయలేవు? సీటు పేరు పక్కనే 'ఈ సీటుకు మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది' అనో 'రాదు' అనో ఒక్క వాక్యం ఎందుకు చూపించలేవు? కాలేజీల దగ్గర, విదేశీ విశ్వవిద్యాలయాల దగ్గర కమిషన్ తీసుకునే ప్రతి సంస్థా ఆ సంగతి తెరమీద తెలుగులో చెప్పి తీరాలని రెండు ప్రభుత్వాలూ నిబంధన పెట్టాలి. పంజాబ్ 2012లోనే ఏజెంట్ల లైసెన్సులకు చట్టం తెచ్చింది. జలంధర్ వ్యవహారం దాన్ని దాటే జరిగింది కాబట్టి లైసెన్సు ఒక్కటే సరిపోదు. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారో బయటపెట్టించడమే అసలు మందు.

అప్పటిదాకా తల్లిదండ్రులకు, అన్నలకు, అక్కలకు, ఊళ్లో నలుగురికి ఫారాలు నింపిపెట్టే టీచర్లకు మా మనవి ఇది. కౌన్సెలింగ్ సైటులోని చివరి ర్యాంకుల పట్టిక ప్రింటు తీయండి. మీ పిల్లల ర్యాంకు, కేటగిరీ దగ్గర గీత గీసి, పైన ఉన్న కాలేజీలనూ కింద ఉన్న కాలేజీలనూ విడదీయండి. వాటిలో సర్కారు కాలేజీలను ముందు చూడండి. మిగిలిన వాటిలో మూడు నాలుగింటికి బస్సెక్కి వెళ్లి రండి. ల్యాబు తలుపు తెరిచి ఉందో లేదో, రెండో ఏడాది పిల్లలు ఏమంటున్నారో మీ కళ్లతో చూడండి, మీ చెవులతో వినండి. అనుమానం వస్తే హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లి అడగండి. అమెరికా చదువైతే అక్కడి ప్రభుత్వం నడిపే ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజులు, గ్రాడ్యుయేట్ల సంపాదన చూపే కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ సైటు ఎవరికైనా ఉచితమే. అప్పటికీ ఏదైనా సైటు చెప్పిన కాలేజీ నచ్చితే, ఫోన్ చేసిన వ్యక్తిని ఒక్కటి అడగండి: 'మా పాప ఇక్కడ చేరితే మీకు ఎంత వస్తుంది?' సూటిగా జవాబు రాకపోతే ఆ నంబరు బ్లాక్ చేయండి. వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేలోపు ఈ సంగతి మీ వీధిలో ర్యాంకు వచ్చిన ప్రతి ఇంటికీ చెప్పండి.